‘మనసున మనసై’ రాసింది ఎవరు? చాయ్ పందెంలో ఇరుక్కున్నాను, జర చెప్పండి

గడియారం సెంటర్ (నల్లగొండ)
అందరికీ నమస్తే. నిన్న సాయంత్రం గడియారం సెంటర్ దగ్గర చాయ్ హోటల్‌లో చిన్న లొల్లి అయింది. హోటలాయన రోజూ పొద్దుగూకే యాళ్లకు ఫోన్‌ను స్పీకర్‌కు తగిలించి పాత పాటలు వేస్తాడు. ‘మనసున మనసై’ వచ్చింది. నేను నోరు మూసుకొని చాయ్ తాగితే అయిపోయేది. “మనసు మీద పాట అంటే ఆత్రేయ తర్వాతనే ఎవరైనా” అన్నాను. పక్క బెంచీ మీద రిటైరైన కండక్టర్ పెద్దాయన కూర్చుంటాడు. “అది శ్రీశ్రీ పాట పిల్లగా” అన్నాడు, బస్సులో టికెట్ కొట్టినంత తేలిగ్గా. మాటకు మాట పెరిగింది. ఓడినోళ్లు వారం రోజులు చాయ్ తాగించాలి.

ఫోన్‌లో పాటల యాప్ తీసి చూశాం. పాట కింద గాయకుడి పేరు ఉంది, సంగీత దర్శకుడి పేరు ఉంది, రాసినాయన పేరు లేదు. ఆత్రేయ అని చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి. రేపు సాయంత్రం వరకే టైమ్.

రేడియో మామ (మహబూబ్‌నగర్)
వారం రోజుల చాయ్ పైసలు తీసి పక్కన పెట్టుకో తమ్మీ.

‘డాక్టర్ చక్రవర్తి’, 1964. రచన శ్రీశ్రీ, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, పాడింది ఘంటసాల. నువ్వు ఒక్కడివే పడలేదు ఈ గుంతలో, సగం రాష్ట్రం పడింది. ఎందుకంటే అదే సినిమాలో ‘నీవులేక వీణ’, ‘పాడమని నన్నడగవలెనా’ రెండూ ఆత్రేయ రాసినవే. ఆత్రేయకేమో మనసు కవి అని పేరు. శ్రీశ్రీ అంటే మనకు ఎర్రజెండా, పిడికిలి, మహాప్రస్థానం. ఆ చేత్తో ఇంత మెత్తటి పాట వస్తుందని ఎవరనుకుంటారు?

దీనికి ఉల్టా కూడా ఒకటి చెప్తా, రాసి పెట్టుకో. ‘తోడికోడళ్లు’, 1957. ‘కారులో షికారుకెళ్లే’. కారులో తిరిగే ఆమెను ఆపి, నీ మేడ ఎవరి చెమటతో లేచింది అని అడిగే పాట. పదిమందిని అడిగితే ఎనిమిది మంది శ్రీశ్రీ అంటారు. రాసింది ఆత్రేయ. మాస్టర్ వేణు సంగీతం, అది కూడా ఘంటసాలే పాడాడు. వాళ్లిద్దరి పాటలు జనం నోట్లో ఒకరివి ఒకరికి మారిపోయాయి.

గడియారం సెంటర్
మామా, మీ నోట్లో చక్కెర పోస్తా అనుకున్నాను గాని ఇప్పుడు పోయలేను.

బ్యాక్‌లాగ్ బాబు (మిర్యాలగూడ)
నాకొక డౌట్. ఎవరు రాస్తే ఏంది అన్నా? పాట బాగుందా లేదా అంతే కదా.

రేడియో మామ
నీ పరీక్ష పేపర్ మీద పక్కోడి హాల్ టికెట్ నంబర్ వేస్తే ఊకుంటావా?

బ్యాక్‌లాగ్ బాబు
నా పేపర్ అయితే వేసుకోమనే అంటాను 😀

గద్వాల జరీ
నవ్వొచ్చింది బాబూ. అయినా నీ ప్రశ్న మంచిదే.

నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఎనిమిదో తరగతిలో దాశరథి గారి గురించి చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒక ప్రశ్న వేసేదాన్ని. “గోదారీ గట్టుంది పాట ఎవరు రాశారు?” పిల్లలు ఆత్రేయ అనేవారు, కొసరాజు అనేవారు, గోదావరి జిల్లాలవాళ్లు ఎవరో అయ్యుంటారు టీచర్ అనేవారు. ‘మూగమనసులు’, 1964. మహదేవన్ సంగీతం, సుశీల పాడారు, తెరమీద జమున. రాసింది దాశరథి కృష్ణమాచార్య. నిజాం మీద పద్యాలు రాసి జైలుకు పోయిన మనిషి, ఇందూరు జైలు గోడల మీద బొగ్గుతో పద్యం రాసిన మనిషి. తెలంగాణను కోటి రతనాల వీణ అన్న చేయి గోదారి గట్టు మీద చెట్టును, చెట్టు మీద పిట్టను రాసింది. ఈ మాట చెప్పాక క్లాసులో పిల్లలు దాశరథి పాఠం మళ్లీ మొదటినుంచి చదివేవారు. అందుకే ఎవరు రాశారో తెలియాలి.

ఇంకొకటి. మా అమ్మ దగ్గర సినిమా పాటల పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. టాకీసు బయట, ఇంటర్వెల్‌లో అమ్మేవారు కదా, పల్చటి కాగితం, అట్ట మీద హీరో హీరోయిన్. లోపల కథ సగం వరకు చెప్పి “మిగతా వెండితెరపై చూడండి” అని ఆపేసేవారు. తర్వాత పాటలు. ప్రతి పాట మీద రచన ఫలానా, గానం ఫలానా అని ఉండేది. ఆ తరానికి రచయితల పేర్లు తెలియడానికి కారణం ఆ పుస్తకాలే. ‘డాక్టర్ చక్రవర్తి’ పుస్తకం ఉందేమో వెతుకుతాను.

గడియారం సెంటర్
వెతకండి టీచర్. ఓడేది ఎట్లాగూ ఓడాను, సాక్ష్యంతో ఓడితే కొంచెం మర్యాదగా ఉంటుంది.

రేడియో మామ
టీచరమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి తోడు రేడియో. వివిధ భారతిలో పాట ముందు చిత్రం పేరు, రచన, సంగీతం, పాడినవారు అని నాలుగూ చదివేవారు. సిలోన్ స్టేషన్‌లో మీనాక్షి పొన్నుదొరై గారు ఆ పేర్లు చదువుతుంటే పాటకన్నా అదే బాగుండేది నాకు. పొలం కాడ మోటర్ రూమ్‌లో ట్రాన్సిస్టర్ వేలాడదీసి, కరెంటు ఎప్పుడొస్తుందో అని కూర్చొని వినేవాళ్లం. మేము ఎవరమూ పనిగట్టుకొని నేర్చుకోలేదు. చెవిలో పడి ఉండిపోయింది.

దేవరకొండ క్యాసెట్లు
ఈ విషయంలో నేనొక తప్పు ఒప్పుకోవాలి.

దేవరకొండలో మాది క్యాసెట్ కొట్టు. 1986లో పెట్టాను, సీడీలు వచ్చాక కూడా కొన్నేళ్లు నడిపి మూసేశాను. జనం లిస్టు రాసుకొచ్చేవారు. సంతకు వచ్చిన మనిషి బీడీ కట్ట కాగితం మీద పది పాటలు రాసిస్తే మళ్లీ వారం సంతనాటికి నింపి ఇచ్చేవాణ్ణి. అరవై నిమిషాల క్యాసెట్ అయితే అటు ఆరు, ఇటు ఆరు. చివరి పాట సగంలో తెగితే తిట్లు. అట్ట మీద నా చేత్తోనే రాసేవాణ్ణి, ఎర్ర పెన్నుతో సినిమా, నీలం పెన్నుతో పాట, పక్కన ఘంటసాల, సుశీల, బాలు. రచయిత పేరు ఒక్కసారి కూడా రాయలేదు. చోటు ఉండేది కాదు, నిజమే. కానీ ఎవరూ అడగలేదు కూడా.

ఇంకా పెద్ద తప్పు వేరే ఉంది. మా దగ్గర బాగా పోయిన క్యాసెట్ ‘గద్దర్ పాటలు’. ఆ పేరుతో నేనే నింపేవాణ్ణి. అందులో ఏమేం ఉండేవో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ‘ఊరు మనదిరా ఈ వాడ మనదిరా’ ఉండేది. అది గూడ అంజయ్య రాసిన పాట. తర్వాతి రోజుల్లో ‘పల్లె కన్నీరు పెడుతుందో’ కూడా అందులోనే కలిపాను. అది గోరటి వెంకన్నది. గజ్జె కట్టి, గొంగడి వేసుకొని పాడితే అన్నీ గద్దర్ పాటలే అనుకునేవాళ్లం. కొనేవాళ్లు అట్లనే అడిగేవారు, నేను అట్లనే రాసి ఇచ్చేవాణ్ణి.

పిల్లలమర్రి నీడ (పాలమూరు)
ఓ అన్నా! వెంకన్న పాటను గద్దర్ ఖాతాలో వేసింది మీరేనా! ఇన్నాళ్లకు దొంగ దొరికాడు 😀

మాది తెలకపల్లి పక్కనే. వెంకన్నది గౌరారం. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ సినిమాలో వచ్చింది గాని, సినిమా చూసినవాళ్లకన్నా పాట విన్నవాళ్లే ఎక్కువ. కుమ్మరి, కమ్మరి, సాలె, వడ్రంగి ఒక్కొక్కరి పని ఎట్లా ఆగిపోయిందో వరసగా చెప్తాడు. మా తాత వడ్రంగి పని చేసేవాడు. ఆ పాట మొదటిసారి విన్నప్పుడు మా నాయన టేప్ రికార్డర్ ఆపేసి బయటికి పోయాడు. మళ్లీ వచ్చి మొదటికి తిప్పి పెట్టమన్నాడు. వెంకన్నకు 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, ‘వల్లంకి తాళం’ పుస్తకానికి. అప్పుడు కూడా మా ఆఫీసులో ఒకాయన “గద్దర్ పాటలు పాడేటాయన కదా” అన్నాడు.

దేవరకొండ క్యాసెట్లు
క్షమించు తమ్మీ. కొట్టు మూసేశాను, శిక్ష అయిపోయినట్టే.

సుద్దాల దారి (భువనగిరి)
గద్దర్ మాట వచ్చింది కాబట్టి. ‘బండెనక బండి గట్టి’ ఎవరిది అంటారు?

బ్యాక్‌లాగ్ బాబు
ఇది నాకు తెలుసు. గద్దర్. వీడియో చూశాను, ఆయనే పాడతాడు, ఆయనే కనబడతాడు.

సుద్దాల దారి
పాడింది, కనబడింది ఆయనే. పాట బండి యాదగిరిది. సాయుధ పోరాటం నాటి పాట, సినిమా ‘మా భూమి’ 1979ది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. గద్దర్ గొంతు, గద్దర్ రూపం పాటకు అతుక్కుపోయి యాదగిరి పేరు వెనక్కి పోయింది. తప్పు గద్దర్‌ది కాదు. చూసిన మనమే వెనక్కి నెట్టేశాం.

అదే సినిమాలో ‘పల్లెటూరి పిల్లగాడా’ సుద్దాల హనుమంతుది. మా గుండాల మండలం సుద్దాల ఆయన ఊరు. గొల్లసుద్దులు చెప్పే వరస తీసుకొని పోరాటం కోసం వాడుకున్న మనిషి. పశువులు కాసే పిలగాన్ని నిలబెట్టి మాట్లాడించే పాట అది. మా ఊళ్లో ముసలోళ్లు దాన్ని సినిమా పాట అనరు, హనుమంతు పాట అంటారు. ఆ ఒక్క ఊళ్లో మాత్రం రాసినాయన పేరే మిగిలింది.

గద్వాల జరీ
ఉల్టా ఉదాహరణ నేనూ ఒకటి ఇస్తాను. ‘మల్లెతీగకు పందిరి వోలె’, 1995, ‘ఒరేయ్ రిక్షా’. చెల్లెలి పాదం మీద పుట్టుమచ్చనై అని వచ్చే పాట. వందేమాతరం శ్రీనివాస్ పాడారు, అందరూ ఆయన పాట అంటారు. రాసింది గద్దర్. క్యాసెట్ల అన్నా, అది మీ ‘గద్దర్ పాటలు’లో ఉండేదా?

దేవరకొండ క్యాసెట్లు
లేదు టీచర్. అది ‘అన్నాచెల్లెళ్ల సెంటిమెంట్’ క్యాసెట్‌లో పెట్టాను. ఇంకేం మాట్లాడను.

కృష్ణ ఒడ్డు (కొల్లాపూర్)
హనుమంతు కొడుకే కదా అశోక్‌తేజ. ‘ఠాగూర్’లో ‘నేను సైతం’ పాటకు జాతీయ అవార్డు తీసుకున్నాడు. నాకు ఎప్పటినుంచో ఒక అనుమానం, తప్పుగా అనుకోవద్దు. ఆ పాట మొదలు శ్రీశ్రీది కదా? మహాప్రస్థానంలో ‘జయభేరి’. మరి అవార్డు ఈయనకు ఎట్లా?

సుద్దాల దారి
ఇది ప్రతి ఏడాది ఎవరో ఒకరు అడుగుతారు. పల్లవి ఎత్తుగడ శ్రీశ్రీదే, ఎవరూ దాచలేదు. మిగతా పాటంతా అశోక్‌తేజది. ఇల్లు ఎవరిది అంటే గడప మీద చెక్కిన మామిడాకు ఎవరిది అని అడిగినట్టుంది మీ అనుమానం.

కృష్ణ ఒడ్డు
గడప లేకుండా ఆ ఇంట్లోకి ఎవరు పోతారన్నా? మొదటి మాట వినగానే రోమాలు లేచేది శ్రీశ్రీ వల్లనే. నేను అశోక్‌తేజను తక్కువ చేయడం లేదు. ఆయన సొంతంగా మొదలు పెట్టిన పాటకు అవార్డు వచ్చుంటే ఇంకా సంతోషించేవాణ్ణి, అంతే.

రేడియో మామ
ఇద్దరూ ఆగండి. మీ మాటలో ఒక తమాషా ఉంది. తెలుగు పాటకు జాతీయ అవార్డు మొట్టమొదట తెచ్చింది ఎవరనుకున్నారు? శ్రీశ్రీనే. ‘అల్లూరి సీతారామరాజు’, 1974, ‘తెలుగు వీర లేవరా’. ఘంటసాల ఆ ఏడాది ఫిబ్రవరి 11న పోయారు, సినిమా మే 1న వచ్చింది. టాకీసులో ఆయన గొంతు అంత గట్టిగా లేచేసరికి జనం ఏడ్చారు. నేను చూశాను, నేనూ ఏడ్చాను, పదమూడేళ్లు నాకు. ఆ తర్వాత ‘మాతృదేవోభవ’లో ‘రాలిపోయే పువ్వా’కు వేటూరి. మూడోది అశోక్‌తేజ. అంటే మొదటి అవార్డూ, మూడో అవార్డు పాటలో మొదటి మాటా శ్రీశ్రీవే.

బ్యాక్‌లాగ్ బాబు
నాలుగోది చంద్రబోస్, ‘నాటు నాటు’. ఇది పక్కా.

పిల్లలమర్రి నీడ
పక్కాగా తప్పు బాబూ 😀 ‘నాటు నాటు’కు వచ్చింది ఆస్కార్. చంద్రబోస్‌కు జాతీయ అవార్డు వచ్చింది ‘కొండపొలం’ పాటకు. ఆ తర్వాత కాసర్ల శ్యామ్, ‘బలగం’లో ‘ఊరు పల్లెటూరు’. మొత్తం ఐదుగురిలో ముగ్గురు తెలంగాణ వాళ్లు, లెక్క రాసుకోండి.

బ్యాక్‌లాగ్ బాబు
నేను ఇంక ఏదీ పక్కా అనను. ‘వివాహ భోజనంబు’ ఘంటసాలే కదా, కనీసం అదైనా?

రేడియో మామ
మాధవపెద్ది సత్యం.

బ్యాక్‌లాగ్ బాబు
సెలవు.

గద్వాల జరీ
పోకు పోకు. ‘మాయాబజార్’ అన్నావు కాబట్టి ఇది విని పో. టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. కానీ ‘లాహిరి లాహిరి’, ‘చూపులు కలసిన శుభవేళ’, ‘నీవేనా నను తలచినది’ ఈ వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. మధ్యలో ఆయన తప్పుకుంటే మిగతా పని ఘంటసాల పూర్తి చేశారు. వరస కట్టినవాళ్లకు కూడా రాసినవాళ్ల గతే పట్టింది చూశారా.

లతీఫ్‌సాబ్ గుట్ట (నల్లగొండ)
సలాం అందరికీ. రాసినవాళ్ల సంగతి మీరు చూసుకోండి, నేను పాడినాయన గురించి ఒక ముచ్చట చెప్పి పోతాను.

మా అబ్బాజాన్‌కు తెలుగు చదవడం రాదు, మాట్లాడటం వచ్చు. తెలుగు సినిమాలకు పోయేవారు కాదు. ఒకరోజు పాన్ డబ్బా దగ్గర నిలబడి రేడియోలో తెలుగు పాట వింటున్నారు. నేను పక్కన ఉన్నాను, చిన్నవాణ్ణి. “యే తో రఫీ సాబ్ హై” అన్నారు. పాన్‌వాలా కాదన్నాడు, తెలుగులో రఫీ ఎట్లా పాడతాడు అన్నాడు. ఆ పాట ‘నా మది నిన్ను పిలిచింది గానమై’. ‘ఆరాధన’, 1976. రఫీ, జానకి. మా అబ్బాజాన్ గెలిచారు. ఎట్లా పట్టారంటే గొంతు ఒక్కటే కాదు, వరస కూడా తెలిసిందే. ఆ సినిమా హిందీ ‘గీత్’కు రీమేక్. హిందీలో ఆ వరసను పాడింది రఫీనే, తెలుగులో పాడిందీ రఫీనే.

దానికి ముందే 1969లో ‘భలే తమ్ముడు’లో రామారావుకు పాడారు, ‘ఎంతవారు గాని’ అందులోదే. ఆ తర్వాత ‘అక్బర్ సలీం అనార్కలి’లో ‘సిపాయీ సిపాయీ’, సుశీలమ్మతో. దాని సంగీతం సి. రామచంద్ర, హిందీ ‘అనార్కలి’ చేసినాయనే. రాసింది సినారె. చూశారా, నేను కూడా రాసినాయన పేరు చెప్పాను. సినారె ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి. మా ఇంట్లో ఆ పాట వస్తే అబ్బాజాన్ తెలుగు మాటల మధ్య ఉర్దూ వాసన పసిగట్టి తల ఊపేవారు.

రఫీ తెలుగులో ‘ళ’ పలకడం కష్టపడ్డారు అని కొందరు నవ్వుతారు. నవ్వుకోనీయండి. మా ఇంట్లో తెలుగు పాట మొదటిసారి ఆ గొంతుతోనే అడుగుపెట్టింది.

కృష్ణ ఒడ్డు
ఎంత బాగా చెప్పారు భాయ్. హిందీ వరసలు తెలుగులోకి రావడం అందరికీ తెలుసు, తెలుగు వరస హిందీకి పోయింది కూడా ఉంది. ‘మిస్సమ్మ’లో ‘బృందావనమది అందరిది’, 1955, ఏ.ఎం. రాజా, సుశీల. రెండేళ్లకు హిందీలో ‘మిస్ మేరీ’ తీస్తే హేమంత్ కుమార్ సంగీతం ఇచ్చారు గాని ఆ ఒక్క వరసను అట్లనే ఉంచారు. పాడింది లతా, మీ రఫీ సాబ్.

లతీఫ్‌సాబ్ గుట్ట
వల్లాహ్! ఇది నాకు తెలియదు. అబ్బాజాన్ ఉంటే ఈ మాటకు నాకు రూపాయి ఇచ్చేవారు.

దేవరకొండ క్యాసెట్లు
లతా పేరు వచ్చింది. ‘సంతానం’లో ‘నిదురపోరా తమ్ముడా’ 1955. మళ్లీ తెలుగులో ‘ఆఖరి పోరాటం’ 1988, ‘తెల్లచీరకు’. మధ్యలో ముప్పై మూడేళ్లు. ఆ రెండూ ఒకే క్యాసెట్‌లో పక్కపక్కన పెట్టి ఇవ్వమని ఒక పోస్టుమాస్టర్ గారు అడిగారు. అక్క తమ్ముణ్ణి నిద్రపుచ్చి వెళ్లి, ఇంత కాలానికి తిరిగొచ్చినట్టు ఉంటుంది అన్నారు. అట్ట మీద రచయిత పేరు రాయమని అడగలేదు గాని, మంచి మనిషి.

గద్వాల జరీ
దొరికింది! ట్రంకు పెట్టెలో చెదలు కొంత తిన్నాయి, ‘డాక్టర్ చక్రవర్తి’ పుస్తకం అట్ట పోయింది, లోపల పేజీలు ఉన్నాయి. ‘మనసున మనసై’ పైన రచన: శ్రీశ్రీ. ఫోటో పెట్టాను చూడండి. దాని కింద మా అమ్మ పెన్సిల్‌తో టిక్కు కొట్టింది. ఏ పాట నచ్చితే దానికి కొట్టేది. ‘నీవులేక వీణ’కు రెండు టిక్కులు ఉన్నాయి, పాపం ఆత్రేయకు కొంత ఊరట.

గడియారం సెంటర్
టీచర్, దండాలు. ఇప్పుడే హోటల్ నుంచి వచ్చి రాస్తున్నాను.

ఫోటో చూపించాను. కండక్టర్ పెద్దాయన కళ్లజోడు పెట్టుకొని, తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని చూశాడు. గెలిచినందుకు కాదు, ఆ పెన్సిల్ టిక్కు చూసి మురిసిపోయాడు. “మా ఇంట్లో గిట్లాంటియి చిత్తు కాగితాలోనికి అమ్మినం” అన్నాడు. నేను మాట ప్రకారం మొదటి రోజు చాయ్ చెప్పాను.

చాయ్ తాగుతూ ఆయనే మొదలు పెట్టాడు. “శ్రీశ్రీ పాట అంటే నాకు ఒక్క ముక్క వింటే తెలుస్తది. గా ‘కారులో షికారుకెళ్లే’ ఉన్నది చూడు, శ్రీశ్రీ గాక ఇంకెవడు రాస్తడు గట్ల?”

రేడియో మామా, నేను నోరు మెదపలేదు. “పందెమా?” అన్నాను. “పందెమే” అన్నాడు. టీచర్, జర ‘తోడికోడళ్లు’ పుస్తకం ఉందేమో అదే పెట్టెలో చూస్తారా?

గద్వాల జరీ
చెదలు తినకుండా ఉంటే నీ అదృష్టం. మా మనవణ్ణి పెట్టె దగ్గర కూర్చోబెట్టాను.